గంట మోగని చావులు

ఎలూబీ కూతురు చనిపోయిన రోజు ఫలోంబేలో చర్చి గంట మోగలేదు.

ఆ పిల్ల పేరు తియామికే. పందొమ్మిదేళ్లు. పెళ్లి కాకుండా కడుపు వచ్చిందని సంఘపెద్దలు అంతకు ఆర్నెల్ల ముందే ఆమెను వెలివేసి, ప్రభువు బల్లకు దూరం పెట్టారు. కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. శవం ఇంట్లో చాప మీద ఉండగానే ఎలూబీ సంఘపెద్ద ముహివా ఇంటికి నడిచి వెళ్లింది. ఆమె అప్పటికి పద్నాలుగేళ్లుగా స్త్రీల సమాజంలో ఉంది. తెల్ల జాకెట్టు, నల్ల పావడా కట్టుకుని, ఊళ్లో ఏ ఇంట చావు జరిగినా ముందు వరసలో కూర్చుని పాట ఎత్తేది ఆమే.

ముహివా గడప దిగలేదు.

"నాకు మాత్రం బాధ లేదా అమ్మా? కానీ నియమం నేను రాసింది కాదు. వెలిలో ఉన్నవాళ్లకు గంట కొట్టం, ప్రార్థన చెయ్యం. నీకు తెలియనిదా? కిందటేడు చిసాలే కూతురి విషయంలో నువ్వూ చెయ్యెత్తావుగా."

ఎత్తిన మాట నిజమే. ఎలూబీ వెనక్కి తిరిగింది.

గొయ్యి తవ్వడానికి ఊరివాళ్లు వచ్చారు. ఆ సాయం ఎవరూ కాదనరు. సమాజం స్త్రీలు మాత్రం యూనిఫాం లేకుండా, తలమీద గుడ్డ కప్పుకుని, స్మశానం చెట్ల అవతల నిలబడ్డారు. ఎవరూ పాట ఎత్తలేదు. ఎలూబీయే ఎత్తబోయింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మట్టి పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఇంటికొచ్చి ఆ తెల్ల జాకెట్టును నాలుగు ముక్కలు చేసి మసిగుడ్డలుగా వాడుకుంది. తరవాత తొమ్మిదేళ్లు ఏ చర్చి గడపా తొక్కలేదు. మొగుడు అప్పటికే ములాంజే టీ తోటల్లో పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమె సంతలో ఎండు చేపలు అమ్ముకుంటూ బతికింది.

"ఆదివారం కూడా దుకాణమేనా పిన్నీ? దేవుడికి కోపం రాదూ?" అని ఎవరన్నా ఎకసెక్కెం ఆడితే, "ఆయన నాతో మాట్లాడటం మానేసి చాలా రోజులైంది. ఈ చేపలు నయం, కనీసం వాసనన్నా వేస్తాయి" అనేది.

నవ్వేవాళ్లు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

ఒక ఏడాది పెద్ద వాన పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. కొండ చరియలు విరిగి ఊళ్లకు ఊళ్లే బురద కింద పడ్డాయి. మిగిలినవాళ్లను బడి గదుల్లో పెట్టారు. అక్కడికి సాయం చెయ్యడానికి వచ్చినవాళ్లలో ఒక సంఘం ఉంది. నలభై దేశాల్లో శాఖలున్న సంఘం అది. దాన్ని వాళ్లు సహవాసం అని పిలుచుకునేవారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రోవేనా అనే నర్సు వాళ్లలో ఒకతె. పొట్టి మనిషి. ఇక్కడి చిచేవా భాషను వచ్చీరాకుండా గబగబా మాట్లాడేది.

ఎలూబీ చేపల బుట్టతో బడికి వెళ్లిన పూటే అక్కడ ఒక ముసలాయన పోయాడు. ఊరు తెలియదు, పేరు తెలియదు. కబురు పెడితే ఒక పాస్టరు మావాడు కాదన్నాడు, రెండో ఆయన అసలు రాలేదు. రోవేనా శవం పక్కన కూర్చుని కాళ్లకు అంటిన బురద కడుగుతోంది. తలుపు దగ్గర నిలబడ్డ ఎలూబీని చూసి అడిగింది.

"అక్కా, మీకు పాట వచ్చా? నాకు మీ పాటలు రావు. ఊరికే పంపడం ఎలా?"

"ఈయన ఏ సంఘమో తెలియకుండా పాడతారా?"

"మా ఊరికి ఉప్పెన వచ్చినప్పుడు పేర్లు తెలియనివాళ్లను చాలామందిని పూడ్చాం. మీది ఏ సంఘం అని అడుగుదామంటే వాళ్లలో ఒక్కరూ మాట్లాడే స్థితిలో లేరు."

ఎలూబీ బుట్ట దించింది. చాప మీద కూర్చుంది. తొమ్మిదేళ్ల తరవాత గొంతు బొంగురుగా లేచింది, రెండో చరణానికి సర్దుకుంది. గదిలో ఉన్న ఆడవాళ్లంతా అందుకున్నారు.

ఆ ఆదివారం ఆమె సహవాసానికి వెళ్లింది. పొగాకు ఆరబెట్టే పాత కొట్టంలో ఆరాధన. ప్రతి వారం అన్ని దేశాలవాళ్లూ ఒకే పేర్ల జాబితా చదివి ప్రార్థించేవారు. ఎక్కడో బ్రెజిల్‌లో జబ్బుపడ్డ పిల్లవాడు, ఘనాలో పని పోయిన తాపీమేస్త్రి. రెండో ఆదివారం ఎలూబీ లేచి కూతురి సంగతి అందరి ముందూ చెప్పింది. మూడో ఆదివారం రోవేనా ఆ జాబితాలో, "ఫలోంబేలో తియామికే, ఆమె బిడ్డ" అని చదివింది. ఆ పూట నలభై దేశాల్లో తన కూతురి పేరు పలికారన్న సంగతి బుర్రకెక్కాక ఎలూబీ నేలమీద కూలబడి ఏడ్చింది. ఎవరూ లేపలేదు. ఏడవనిచ్చారు.

ఆ తరవాత ఆమెకు తన పని ఏమిటో తెలిసింది. ఎవరూ ప్రార్థన చెయ్యనివాళ్లను సాగనంపడం. తాగి పోయినవాడు, రెండో పెళ్లాం, వెలిపడ్డ ఆడపిల్ల. కబురు వస్తే చాలు, బుట్ట పక్కవాళ్లకు అప్పగించి వెళ్లేది. వాక్యం చదివేది, పాట ఎత్తేది. సహవాసం ఆమెకు సమాధి పరిచర్య అప్పగించి, తలమీద చేతులుంచి ప్రార్థించింది. మూడేళ్లు అలా గడిచాయి. ఆమె జీవితంలో మంచి రోజులంటే అవే.

రోవేనా వాళ్ల దేశం వెళ్లిపోయింది. బ్లాంటైర్ పట్నం నుంచి చిపెటా అనే పర్యవేక్షకుడు వచ్చాడు. చెడ్డవాడు కాదు. కానీ ఊళ్లో సహవాసాన్ని చెత్తబుట్ట సంఘమని ఎగతాళి చేస్తున్నారని ఆయనకు నామోషీగా ఉండేది. పెద్ద కార్యాలయం నుంచి కొత్త నియమాల పుస్తకం వచ్చింది. తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లకు సమాధి ప్రార్థన చెయ్యకూడదని అందులో ఉంది. చిపెటా దాన్ని చదివి వినిపించినప్పుడు ఎలూబీ మాట్లాడలేదు.

రెండు నెలల తరవాత ఒక పొద్దున ఫలేసీ వచ్చింది. సంతలో టమాటాలు అమ్మే మనిషి, అదే కొట్టంలో పక్క వరసలో కూర్చునే మనిషి. ఆమె కొడుకు లాక్సన్ పురుగుల మందు తాగి పోయాడు.

"చిపెటాగారు కుదరదన్నారక్కా. నువ్వన్నా రా. నువ్వు వస్తావని అందరికీ చెప్పేశాను."

ఎలూబీ గడపలో నిలబడి ఉంది. కొట్టంలో తియామికే పేరు చదివిన ఆ జాబితా గుర్తొచ్చింది. మళ్లీ బయటివాళ్లలో నిలబడాలన్న భయం పట్టుకుంది.

"నా చేతుల్లో లేదు ఫలేసీ. నియమం నేను రాసింది కాదు."

అనేశాక గానీ ఆ మాట ఎవరిదో తెలియలేదు. ఫలేసీ అప్పటికే వెళ్లిపోతోంది. పరుగెత్తి పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. రోజంతా ఇంట్లోనే ఉంది.

పొద్దు వాలాక ఉండబట్టలేక స్మశానానికి వెళ్లింది. అప్పటికే పూడ్చేశారు. ఫలేసీ ఒక్కతే మట్టి సర్దుతోంది.

"ఎందుకొచ్చావ్? పాడటానికా? వాడికిక అక్కర్లేదు. నీ మనసు ఊరుకోక వచ్చావ్. పో."

"ఫలేసీ..."

"నీ కూతురికి జరిగింది నువ్వే చెప్పావుగా, ఆ కొట్టంలో, అందరి ముందూ. నేనూ ఏడ్చాను నీతో. పో అక్కా."

ఆదివారం ఎలూబీ సాక్ష్యానికి లేచి జరిగిందంతా చెప్పింది. తప్పు తనదేనంది. ఆ నియమాన్ని ఇక పాటించనంది. చిపెటా ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"నలభై దేశాలకూ ఒకే పద్ధతి ఉండాలి కదమ్మా. ఊరికో దయ పెట్టలేం."

"ఊరికొకటి చాలదయ్యా. మనిషికొకటి కావాలి."

పరిచర్య ఆమె దగ్గర నుంచి తీసేశారు. ఆమె రోవేనాకు ఫోన్లో సందేశం పెట్టింది. పదకొండు రోజులకు జవాబొచ్చింది. ప్రార్థిస్తున్నానని ఉంది, అంతే.

ఎలూబీ ఇప్పటికీ ఆ కొట్టానికి వెళ్తుంది. పోయిన దేవుడు ఆమెకు దొరికింది అక్కడే. వెళ్లి చివరి వరసలో కూర్చుంటుంది. ఏ సంఘం పేరూ లేకుండా, ఎవరు పిలిచినా చావులకు వెళ్తుంది. సహవాసం పక్కన పెట్టిన మనిషని కొందరు ఆమెను పిలవరు. ఫలేసీ అంగడి సంతలో ఆమెకు రెండు అంగళ్ల అవతలే. మూడేళ్లయినా వాళ్ల మధ్య మాట లేదు. ఒకసారి ఎలూబీ లాక్సన్ పేరు ఎత్తి ప్రార్థిస్తానని కబురు పంపితే, వద్దని తిరుగు కబురు వచ్చింది. ఆమె ఆ మాట కాదనలేదు. నోటితో ఆ పేరు పలకదు.

గొయ్యి దగ్గర వెంటనే పాట ఎత్తడం కూడా మానేసింది. ముందు చనిపోయినవాళ్ల తల్లినో, పెళ్లాన్నో అడుగుతుంది. "ఎత్తమంటారా?" అంటుంది. వద్దనేవాళ్లూ ఉంటారు. అప్పుడు చేతులు కట్టుకుని, మట్టి పూర్తిగా పడేదాకా అక్కడే నిలబడుతుంది.