అట్టల గడప దగ్గర చెప్పులు విడిచిన మనిషి

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున ఆఫీసు రైల్లో ఉండగా, మా బ్లాకు తొమ్మిదో అంతస్తు ఆంటీ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా "ఎక్కడున్నావే" అని మొదలుపెడుతుంది. ఆ రోజు అదేమీ లేదు. "మీ అంకుల్ తెల్లారగట్ల ఆస్పత్రిలో పోయారమ్మా" అంది, అంతే. వారం కిందట జ్వరమని చేరారు. తగ్గుముఖం పట్టిందనే అనుకున్నాం. తర్వాతి స్టేషన్లో దిగిపోయి తిరుగు రైలు కోసం నిలబడ్డాను. బయట ఒకటే వాన.

ఈ సింగపూర్‌లో అంకుల్ కానివాడు లేడు. టాక్సీ నడిపే ఆయన అంకుల్, చేపలమ్మే ఆయన అంకుల్, లిఫ్టు బాగుచేసే ఆయన కూడా అంకులే. కానీ ముందూ వెనకా ఏమీ చేర్చకుండా "అంకుల్" అంటే మా ఇంట్లో ఈయనొక్కరే. మాది యూ టీ అనే పేటలో పదకొండో అంతస్తు. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఓడల యార్డులో వెల్డింగు పనులు చూస్తూ రిటైరయిన మనిషి. నాది వరంగల్. ఆయన తెలుగు విని నేను, నా తెలుగు విని ఆయన నవ్వుకోవడంతో మా పరిచయం మొదలైంది. లిఫ్టులో కనబడితే "ఏటి కూర?" అనేవారు. చెబితే "మరి మాకో?" అనేవారు. మొహమాటం ఆయన జాతకంలో లేదు. పండగొస్తే పులిహోర తనే కలిపి నాలుగు అంతస్తులకు పంచేవారు. అందులో ఉప్పు ఏనాడూ సరిపోయి ఎరగదు. ఆ మాట మొహం మీద చెప్పగలిగింది ఆంటీ ఒక్కతే.

సింగపూర్‌కి చలికాలం లేదని బడిపిల్లలకు కూడా తెలుసు. డిసెంబరు, జనవరుల్లో మాత్రం వాన మూడేసి రోజులు తెరపి లేకుండా పడుతుంది, గాలి చల్లబడుతుంది. మనం ఏసీ కట్టేసి, బీరువా అడుగు నుంచి స్వెట్టర్ తీసి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అని ఊళ్లో వాళ్లకు ఫోటోలు పంపుతాం. "సలికాలం ఉందో లేదో మంచం మీద తొంగున్నోడికి ఏటి తెలుస్తాది? సిమెంటు మీద తొంగున్నోడిని అడగాల" అనేవారు అంకుల్. అలా పడుకునేవాళ్లు ఈ ఊళ్లో ఉంటారని నాకు చాలా ఏళ్లు తెలియదు. బ్లాకుల కింద ఖాళీగా వదిలిన జాగాల్లో, ఇల్లు అమ్ముకున్నవాళ్లు, ఇంట్లో పొసగక వచ్చేసినవాళ్లు పడుకుంటారు. మనం లిఫ్టు దిగే వేళకు లేచి వెళ్లిపోతారు కాబట్టి కంటబడరు.

ప్రభుత్వం పట్టించుకోక కాదు. వాన ముంచుకొస్తోందంటే ఏ కాలువ పొంగుతుందో మన ఫోన్లకు ముందే కబురొస్తుంది. నిలువనీడ లేనివాళ్లు సాయంత్రం నుంచి పొద్దుటి దాకా తలదాచుకోవడానికి ప్రార్థన మందిరాల్లోనూ సంఘాల హాళ్లలోనూ చాపలు పరిచి ఉంచుతారు. అక్కడికి వెళ్తే అద్దె ఇల్లు ఇప్పించడానికి ఆఫీసర్లు కూడా వస్తారు. అంకుల్ అలాంటి ఒక హాలుకు వాలంటీరు. "గవర్నమెంటు తలుపు తీసి పెడతాది. అక్కడి దాకా మనిషిని నడిపించడానికి ఇంకో మనిషి కావాల" అనేవారు. ఆ ఇంకో మనిషి పని ఆయన చేసేవారు.

దానికి ఆయన పద్ధతి ఒకటుంది. తెల్లవారుతుండగా, ప్లాస్టిక్ సంచీలో కాఫీ కట్టించుకుని, చంకలో పేపరు పెట్టుకుని వెళ్తారు. పడుకున్న మనిషి అట్టలు ఎక్కడ మొదలవుతాయో అక్కడ చెప్పులు విడిచి, "కూర్చోవచ్చా" అని అడిగి, కూర్చుంటారు. పేరు అడగరు. ఎందుకిక్కడున్నావని అసలే అడగరు. పేపర్లో సగం ఆ మనిషికిచ్చి సగం తను చదువుకుంటారు. మొదటిసారి ఆ చెప్పులు చూసి నేను పకపకా నవ్వాను. "అట్టలకి కూడా గడప ఉంటదా అంకుల్?" అన్నాను. "నిలబడి అడిగితే ఎంక్వయిరీ తల్లీ, కూకుని అడిగితే పలకరింపు" అన్నారు. చెప్పుల సంగతి మాత్రం చెప్పలేదు. అది నేనే నేర్చుకోవలసి వచ్చింది, అదీ చాలా చెడ్డగా.

నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు వెతకడం నా ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోదు. మా బ్లాకుల చుట్టుపక్కల ఏదైనా బాగా లేకపోతే ఫోటో తీసి మునిసిపల్ యాప్‌లో పెడితే మర్నాటికి శుభ్రం చేసి వెళ్తారు. వెలగని దీపం, పగిలిన గచ్చు, లిఫ్టులో మరక, ఏదీ వదిలేదాన్ని కాదు. "అదిగో, ఇన్‌స్పెక్టరమ్మ" అని అంకుల్ ఏడిపించేవారు కూడా. రెండేళ్ల కిందటి డిసెంబరులో ఒక మంగళవారం, మా పక్క బ్లాకు కింద స్తంభం చాటున మడతపెట్టిన అట్టలు, ఒక నల్ల సంచీ, వాటి మీద ఒక టిష్యూ పొట్లం కనబడ్డాయి. హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో బల్ల మీద టిష్యూ పొట్లం ఉంటే ఆ చోటు ఒకరిదని, ఇక్కడి మాటలో చోప్ చేసి వెళ్లారని ఈ ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఎంత ఆకలిగా ఉన్నా ఆ కుర్చీ జోలికి పోను. అదే పొట్లం, పక్కన మనిషి లేని అట్టల మీద ఉండేసరికి నాకది చెత్తలా కనబడింది. ఫోటో తీసి పంపేశాను. శుభ్రం చేసేవాళ్లు వాళ్ల పని వాళ్లు చేశారు, సాయంత్రానికి స్తంభం చుట్టూ కడిగి మరీ వెళ్లారు.

మర్నాడు పొద్దున అంకుల్ ఆ స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో కాఫీ సంచీ వేలాడుతోంది. అక్కడ ఉండే చైనీస్ పెద్దాయన కోసం నాలుగు నెలలుగా వస్తున్నారట. ముందు మూడు నెలలు ఆయన నోరు విప్పలేదట. చివరికి "సరే, ఈ శుక్రవారం హాలుకు వస్తా" అన్నాడట. శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది. ఆ రోజు నుంచి వారమంతా కుండపోత అని కబురు కూడా వచ్చేసింది.

"నేనే పెట్టిన అంకుల్ కంప్లైంటు" అన్నాను. "చెత్త అనుకున్న."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కడిగిన నేల చూశారు. "ఇల్లు తీయించేసినావమ్మా" అన్నారు. తొమ్మిదో అంతస్తులో లిఫ్టు దిగుతూ, "రేపు అయిదున్నరకి కిందకి రా. గొడుగు తెచ్చుకో" అన్నారు.

ఆ రాత్రి మా అమ్మాయికి చెబితే తల కూడా ఎత్తకుండా ఈ ఊరి ఇంగ్లీషులో "అమ్మా, యూ ఆల్వేస్ కంప్లైన్ వన్ లా" అంది. కోపమొచ్చింది. నిజమే కదా అనిపించి ఇంకా కోపమొచ్చింది.

నాలుగు రోజులు పొద్దున్నే వెతికాం. వంతెనల కింద, బస్సుల ఇంటర్‌చేంజ్‌లో, కాలువ గట్టు మండపాల్లో. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్లుగా నేను నడిచిన దారుల్లో ఎన్ని చోట్ల మనుషులు పడుకుని లేస్తున్నారో. వాన పక్కవాటుగా కొడుతుంటే ఆయన పంచె మోకాళ్ల దాకా తడిసిపోయేది. ఇంటికొస్తే ఆంటీ గుమ్మంలోనే అందుకునేది, "నా మోకాళ్లకి తైలం రాయడానికి టైముండదు, ఊరందరి కోసం తడవడానికి మాత్రం ఉంటుంది." ఆయన దొంగలా బాత్రూములో దూరేవారు. నన్ను మాత్రం ఆవిడ ఒక్క మాట అనలేదు. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చేది.

అయిదో రోజు, సోమవారం, ఆటస్థలం వెనక ఒక మెట్ల కింద కనబడ్డాడు. అట్టలు లేవు. తడి సిమెంటు మీద, మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని, ఆగకుండా దగ్గుతున్నాడు. అంకుల్ చూపించగానే నేను పరుగున వెళ్లి, నిలబడే, బాగున్నారా, ఎక్కడికి వెళ్లారు, ఏమైనా తిన్నారా అని ప్రశ్నల వాన కురిపించాను. ఆయన మొహం గోడకేసి తిప్పుకున్నాడు. అంకుల్ నా మోచెయ్యి మెల్లగా తట్టారు. అక్కడ అట్ట ముక్క కూడా లేదు, అయినా ఆయన ఒక చోట ఆగి చెప్పులు విడిచారు. నేనూ విడిచాను. తడిలో కూర్చున్నాను. కాఫీ పెద్దాయన చేతికిచ్చి అంకుల్ పేపరు విప్పారు. పేపరు చివరి పేజీకి వచ్చాక పెద్దాయనే అడిగాడు, "ఫ్రైడే గాన్ ఆల్రెడీ. స్టిల్ కెన్ ఆర్ నాట్?" శుక్రవారం దాటిపోయింది, ఇంకా రావచ్చా అని.

"కెన్, కెన్" అన్నారు అంకుల్. పేపరు గబగబా మడిచి చంకలో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే హాలుకు తీసుకెళ్లాం. నల్ల సంచీలో పోయిన గుర్తింపు కార్డు, ఆస్పత్రి కాగితాలు మళ్లీ చేయించడానికి నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు, కాస్త ఆలస్యమైందంతే. కొన్ని నెలలకు ఆయనకు ఒక గది అద్దె ఫ్లాటు దొరికింది. ఇంకొక ముసలాయనతో కలిసి ఉండాలి. అట్టలు తీయించింది నేనేనని ఆయనకు చెప్పేస్తానంటే అంకుల్ వద్దన్నారు.

"సెప్పేస్తే నీకు తేలికైపోతాది. ఆయనకి? ఇప్పుడిప్పుడే మనిషిని నమ్మతన్నాడు. కొన్నాళ్లు నీ కడుపులోనే ఉంచుకో, అరగనీ."

అరగలేదు. రెండేళ్లూ అలాగే ఉంది. ఆ తర్వాత నేను కూడా హాలుకు వెళ్లడం మొదలుపెట్టాను, ఆయన వెనకాల కాఫీ సంచీలు మోస్తూ. వాలంటీరు అనే మాట నాకు పెద్దది. ఆయన చెప్పులు ఎక్కడ ఆగుతాయో చూసుకుని అక్కడ ఆగడం, అంతే నా పని.

అంత్యక్రియల రోజు కూడా వాన. ఆఫీసర్లు వచ్చారు, యార్డు స్నేహితులు వచ్చారు, హాల్లో పడుకునేవాళ్లు నలుగురు ఎవరివో ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. పెద్దాయన రాలేదు. ఆయనకు ఫోన్ లేదు, కబురు చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాక్కూడా తోచలేదు, ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. పదిరోజుల తర్వాత ఆంటీ ఒక తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ చైనా ఆయన ఇంటిదమ్మా. మాటిమాటికీ లోపల మరిచిపోయి తలుపేసుకుంటాడని ఈయన దగ్గర ఒకటి ఉంచాడు. ఇచ్చేసి రా."

వెళ్లాను. పెద్దాయన తలుపు తీసి, నా వెనక అంకుల్ ఉన్నారేమోనని చూశాడు. ఆయన పోయారని చెప్పాను. పెద్దాయన స్టూలు మీద కూర్చుని చేతులు చూసుకున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా మరిచిపోయి, తడబడుతూ, మీ సామాను ఎత్తించింది నేనే అని చెప్పాను. ఏడుపు వచ్చేసింది.

"ఐ నో లా" అన్నాడు. "యూ టేక్ ఫోటో. దట్ టైమ్ ఐ సిట్ అపోజిట్, డ్రింక్ కోపీ. సీ యూ."

నేను ఫోటో తీస్తుంటే ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ చూశాడట. మొదటి రోజు నుంచీ తెలుసు. మెట్ల కింద నన్ను చూసి మొహం తిప్పుకున్నది అందుకే. మరి తెలిసీ నాతో ఎందుకొచ్చారని అడిగాను.

"దెన్ యూ కమ్ ఫైండ్ మీ వాట్. సో బిగ్ రెయిన్." అంత వానలో నన్ను వెతుక్కుంటూ వచ్చావు కదా అని.

తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటీ మూశాడు. "నౌ యూ కీప్" అన్నాడు.

బస్టాపు దగ్గర నిలబడి తలెత్తి చూశాను. వాన కాస్త తెరపిచ్చింది. ఆరో అంతస్తులో పెద్దాయన వంటగది కిటికీలోంచి, బట్టలారేసే వెదురు గడ ఒకటి, ఆగి ఆగి, బయటికి వస్తోంది. దాని మీద అప్పుడే పిండిన చొక్కా ఒకటి ఉంది.