చివరి సమాధి కాపలా

మంగళవారం పొద్దుటికీ మంచు ఆగలేదు. మా డ్రైవ్‌వే అయ్యాక, అలవాటుగా పక్కింటివాళ్లదీ సగం ఎత్తిపోశాను. అప్పుడే చర్చి పాస్టర్ కారు వచ్చి ఆగింది. పక్కింటి పెద్దావిడ తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయారని చెప్పారు. ఇక ఎవరూ నడవరని తెలిసీ మిగతా సగం కూడా ఎత్తిపోసి లోపలికి వచ్చాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో పదకొండేళ్లు మాకు పొరుగు. స్కాట్లాండ్‌లో ఏదో దీవిలో పుట్టారు. మా అమ్మాయి స్కూల్ బస్ దిగితే, మేం ఉద్యోగాల నుంచి వచ్చేదాకా ఆవిడ వంటింట్లోనే ఉండేది. అందుకు మేం ఏమిచ్చినా తీసుకోలేదు, నిమ్మకాయ పచ్చడి తప్ప.

ఆవిడకి చావంటే భయం లేదు. కాపలా అంటే భయం. వాళ్ల దీవిలో నమ్మకం ప్రకారం ఆఖరున పూడ్చిన మనిషి ఆత్మ శ్మశానం గేటు దగ్గర కాపలా ఉండాలట, తర్వాతి శవం వచ్చేదాకా. ఒకేరోజు రెండు శవాలు బయల్దేరితే మోసేవాళ్లు పరుగులు పెట్టేవారట. "మా నాన్న బూటు బురదలో పోయింది. అయినా మేమే ముందు చేరాం," అని నవ్వేవారు.

ఇక్కడ చర్చి వెనక శ్మశానంలో రెండే చోట్లు మిగిలాయి. ఆవిడదీ, ఆవిడ తమ్ముడిదీ. ఆ తర్వాత ఎవరినీ పూడ్చరు. తమ్ముడికి జబ్బు. ఆయనకి రోజూ సూప్ పట్టుకెళ్లి, దగ్గరుండి తాగించేవారు. "నాకంటే ముందు పోకు," అనేవారట.

"మా ఆయన ఫ్యాక్టరీలో లాగే, ఆంటీ! రిలీవర్ రాకపోతే డబుల్ షిఫ్టే," అంది ఒకసారి నా భార్య.

ఆవిడ నవ్వలేదు. "డబుల్ కాదమ్మా. ఎప్పటికీ."

జనవరిలో తమ్ముడే ముందు పోయారు. వాళ్ల ఆచారం ప్రకారం ఆయన గుండెల మీద సాసర్‌లో పెట్టాలని మా ఇంటికొచ్చి కళ్లుప్పు అడిగారు.

"మీరు పూడ్చరు కదా?" అన్నారు నాతో.

"లేదండీ, దహనం చేస్తాం."

"నా తర్వాత మీలో ఎవరిదైనా గుప్పెడు బూడిద ఆ గేటు లోపల వేస్తే చాలేమో."

నా భార్య నా వైపు చూసింది. నేను ఉప్పు డబ్బాకి మూత పెట్టాను.

ఆస్పత్రిలోనూ అదే అడిగారు. "చూద్దాంలెండి," అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.

శుక్రవారం పూడ్చారు. చిన్న ఇనుప గేటు. వస్తూ దాని గొళ్లెం వేయబోయాను.

"ఏమండీ, వెయ్యకండి," అంది నా భార్య.

"ఎందుకు?"

"ఎవరైనా వస్తారేమోనని ఆవిడ చూస్తుంటారు కదా."

ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి. అప్పుడు మాత్రం వెనక్కి తిరగకుండా కారు దాకా నడిచింది. నేను గొళ్లెం వదిలేశాను.

పాస్టర్ పదకొండున్నరకి వెళ్లారు. గొయ్యి పూడ్చిన ఇద్దరూ పన్నెండుకి. మేం పన్నెండుంపావుకి.