ఎరుపు-పసుపు ఇంకా రాలేదు

కందిరీగ ఎన్నాళ్ళు బతుకుతుందో మీకు తెలుసా? తెలియకపోతే నష్టమేమీ లేదు. తెలిసినవారే మామయ్య నోటుపుస్తకాలు చదివి కంగారుపడేవారు. అడవి అంచున ఉన్న పరిశోధన కేంద్రంలో ఆయన ముప్పై ఏళ్ళుగా కందిరీగల నడవడిని గమనిస్తున్నాడు. ఒక్కొక్కదాని వీపున రంగుచుక్కలు పెట్టి ఎరుపు-పసుపు, తెలుపు-నీలం అని పిలుస్తాడు. ఆయనకున్న జాడ్యం ఒక్కటే. ఏ పురుగు పోయినా 'చనిపోయింది' అని రాయడు, 'ఇంకా రాలేదు' అని రాస్తాడు. ఫలితంగా నాలుగు నెలలకే రాలిపోవలసిన కందిరీగలు ఆయన పుస్తకాలలో ఆరేళ్ళుగా సుఖంగా కాపురం చేస్తున్నాయి.

లా పట్టా పుచ్చుకుని వచ్చిన మేనకోడలికి ఈ విషయంలో ఓపిక బొత్తిగా తక్కువ.

"మామయ్యా, బల్ల మీదున్న అది చచ్చిపోయింది."

"వెల్లకిలా పడుకుంది."

"చీమలు మోసుకుపోతున్నాయి."

"ఎక్కడికో బయల్దేరిందన్నమాట. వచ్చాక రాసుకుందాం."

ఆరేళ్ళ కందిరీగను కళ్ళారా చూడాలని ఒక శాస్త్రవేత్త రెండు రోజులు ప్రయాణించి వచ్చాడు. "ఎరుపు-పసుపు బయటికెళ్ళిందండీ" అన్నాడు మామయ్య. ఎప్పుడని అడిగితే, పుట వెతికి మరీ, "ఐదేళ్ళ ఎనిమిది నెలలయింది" అని చెప్పాడు. వచ్చినాయన కాఫీ సగంలో వదిలి లేచాడు.

ఆ నెలలో మాత్రం మేనకోడలికి ఇది నవ్వులాటగా లేదు. ఆమె తండ్రి అదే కేంద్రంలో ఉద్యోగి, మామయ్యకు బావ, అడవిలో ఆయనకు తోడు. ఆరేళ్ళ క్రితం వానాకాలంలో ఇద్దరూ గూళ్ళు చూసి వస్తూ వాగు దాటుతుంటే నీరు తండ్రిని లాక్కుపోయింది. శవం దొరకలేదు. చూసినవాడు మామయ్య ఒక్కడే. అడిగిన అధికారులకు ఆయన చెప్పింది కూడా ఒకటే ముక్క: "వాగులో దిగాడు. ఇంకా రాలేదు."

చనిపోయిన ఉద్యోగి భార్యకు కేంద్రంలో ఉద్యోగం ఇస్తారు. రాని ఉద్యోగి భార్యకు ఏమీ ఇవ్వరు. దరఖాస్తు గడువు నెలాఖరు. మనిషి కనబడక ఏడేళ్ళు నిండలేదు గనుక, చనిపోయాడని కోర్టు ఉత్తర్వు రావాలంటే కళ్ళతో చూసినవాడి అఫిడవిట్ కావాలి.

"సంతకం పెట్టు, మామయ్యా."

"'రాలేదు' అని మార్చు, పెడతాను."

"రాలేదంటే కోర్టు ఒప్పుకోదు. నీ మొండితనానికి అమ్మకెందుకు శిక్ష పడాలి?"

గది చివర కిటికీ దగ్గర, రోజూలాగే, తల్లి అన్నగారి చిత్తుప్రతులకు శుద్ధప్రతులు రాస్తోంది.

మామయ్యను ఆయన రాతతోనే పట్టుకోవాలని మేనకోడలు బీరువాలోని పాత పుస్తకాలన్నీ దింపింది. ఆరేళ్ళ క్రితం నాటి పుటలలో మామయ్య సొంత దస్తూరీ: 'ఉదయం ఏడున్నర. నీలం-నీలం చనిపోయింది. సాలీడు.' ఆ కింద మరొకటి, మరొకటి. వాగు పొంగిన వారం తరువాత ఆ మాట ఒక్కసారి కూడా లేదు. శుద్ధప్రతులలో తల్లి దస్తూరీ మొదలైందీ అప్పుడే.

"మీ అమ్మ ఇంట్లో ఒక్కతే కూర్చుని గోడకేసి చూస్తుంటే ఈ పని అప్పజెప్పాను" అన్నాడు మామయ్య గొంతు తగ్గించి. "రోజుకి పదిసార్లు ఆ మాట దాని చేత రాయించమంటావా, లాయరమ్మా?"

వాదనంతా సిద్ధం చేసుకొచ్చిన లాయరమ్మ తెరిచిన పుస్తకం మూసేసింది.

"అన్నయ్యా, ఆరేళ్ళు బతికే కందిరీగని నేను నమ్మాననుకున్నావా?" అంది తల్లి కిటికీ దగ్గరనుంచి.

"మరి ఒక్కసారైనా దిద్దలేదేం?"

"దిద్దితే నువ్వు తట్టుకోలేవని."

మామయ్య తన కుడిచేతిని చూసుకున్నాడు. "బావ చెయ్యి ఈ చేతిలోనే ఉందే. పట్టు తప్పింది."

"తెలుసు. నెల్లాళ్ళు నీ భుజం లేవలేదుగా. నూనె రాసింది ఎవరు?"

ఆరేళ్ళుగా ఒకరినొకరు కాచుకుంటూ వచ్చిన ఆ ఇద్దరి మధ్య మేనకోడలు కాగితం పట్టుకుని నిలబడింది. మామయ్య దానిని తీసుకుని మడిచాడు.

"ఇది చాలదు. నేనే వచ్చి చెబుతాను."

"చనిపోయాడనే చెబుతావా?"

"చనిపోయాడనే. కానీ ఆ మాట అనేటప్పుడు మీరు నాకు చెరోపక్కా ఉండాలి."

"బోనులో ఒక్కరికే చోటు, మామయ్యా."

"అయితే పెద్ద బోను చూడమను" అని, సోమవారమే బయలుదేరాలని ఆయనే తేల్చేశాడు.