సూదిబెజ్జం పరీక్ష

రఫూ పనిలో ఆయనది ముప్పై ఎనిమిదేళ్ళ చెయ్యి. బట్టల వీధి చివర మెట్ల కింద ఓ అర, అందులో ఓ బల్ల, మెడ వంచే దీపం, ఎత్తు పీట. అదే కొట్టు. సిగరెట్టు నిప్పు పడ్డ కోటయినా, ఎలుక కొట్టిన శాలువా అయినా, ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, పడుగులోకి పేక దూర్చినట్టు చిల్లు మీద నేసి ఇచ్చేవాడు. ఇస్తూ, "చిల్లెక్కడుందో చూపించండి చూద్దాం" అనడం ఆయనకో సరదా. వేలు పెట్టి చూపించినవాడు ఇంతవరకూ లేడు.

ఇంట్లో కళ్ళ వైద్యుడు కూడా ఆయనే. ఎవరికి తలనొప్పి వచ్చినా, కళ్ళు మంటలన్నా, డబ్బాలో అన్నిటికంటే సన్నసూది తీసి చేతిలో పెట్టేవాడు. దారం ఎక్కిందా, కళ్ళు భేషుగ్గా ఉన్నట్టే. ఈ పరీక్ష వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ చివరి రోజుల్లో గోడలు తడుముకుంటూ తిరిగేది. వయసు మీద పడిందన్నారందరూ. అప్పుడు కూడా సూదిలో దారం తానే ఎక్కించుకునేదని ఇంటిల్లిపాదీ గొప్పగా చెప్పుకునేవారు.

ఈమధ్య రెండేళ్ళుగా ఆయన భుజాలు తలుపులకు తగులుతున్నాయి. పక్కనే పెట్టిన నీళ్ళచెంబు తన్నేస్తున్నాడు.

"ఆ గుమ్మం మీకేం అన్యాయం చేసిందండీ, రోజూ దాంతో తగువు?" అనేది భార్య.

"సందు ఇవ్వడం లేదే అది" అని నవ్వేసేవాడు.

నవ్వు ఆగిపోయింది ఓ లాయరు నల్లకోటు దగ్గర. మోచేతి మీది చిల్లు అచ్చం నేతలా పూడ్చి ఇచ్చాడు. ఎప్పటిలా సవాలు చేశాడు. లాయరు కోటు తిప్పి చూసి, నాలుగు వేళ్ళ అవతల వేలు పెట్టాడు.

"ఇదిగో పెద్దాయనా, ఇక్కడ! ఒకటి పూడిస్తే ఒకటి అలాగే ఉంచే పథకమేమైనా పెట్టారా?"

రెండో చిల్లు మొదటిదానికంటే పెద్దది. వారం రోజులు ఆ కోటు ఆయన చేతుల్లోనే ఉంది.

కూతురే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ముప్పై నాలుగేళ్ళది, మందుల కంపెనీ సరుకు స్కూటరు మీద దుకాణాలకు చేరవేస్తుంది. డాక్టరమ్మ కళ్ళలో ఒత్తిడి చూసింది, వెనక నరం చూసింది. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. నడిమి దీపాన్నే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ చుక్క వెలిగినా చేతిలో బటను నొక్కాలి. ఆయన చాలాసేపు నొక్కలేదు. యంత్రం చెడిపోయిందనుకున్నాడు.

"నీటికాసులు" అంది డాక్టరమ్మ. "గ్లకోమా అంటాం. ఎన్నేళ్ళుగానో ఉంది. పోయిన చూపు తిరిగి రాదండీ. ఉన్నది నిలబెట్టుకోవాలి."

"నిన్న కూడా సూదిలో దారం ఎక్కించానమ్మా. ఒక్కసారికే."

"ఎక్కిస్తారు. ఇది అంచుల్నుంచి తింటూ వస్తుంది. నడిమి చూపు జోలికి ఆఖరిదాకా రాదు. నొప్పి ఉండదు, తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఉండేదా?"

ఆయనకు గోడ మీద పాకుతున్న అమ్మ చెయ్యి కనబడింది. అవునన్నట్టు తల ఊపాడు.

"సరే, మీ రక్తం పంచుకున్నవాళ్ళందరికీ పరీక్ష చేయించాలి. ముందు ఈ అమ్మాయికి."

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట కూతురు స్కూటరుతో, ఎడమ పక్క ఆగి ఉన్న తోపుడుబండిని గుద్దేసింది. మోచేయి చీరుకుపోయి ఇంటికొచ్చింది. "పక్కనే ఉంది నాన్నా, కనబడనే లేదు" అంది బెదిరిపోయి. ఆయన డబ్బా తెరిచాడు. రక్తం కారుతున్న చేత్తోనే ఆ పిల్ల ఒక్కసారికి దారం ఎక్కించేసింది.

"చూశావా? కళ్ళు కాదమ్మా నీ జబ్బు, తొందర" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది, పాపం.

మర్నాడు కూతుర్ని ఆ యంత్రం గదిలోకి పంపి ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. తలుపు ఓరగా ఉంది. బటను చప్పుడు వినబడుతోంది. టిక్. టిక్. టిక్. కుడికన్ను అయింది. ఎడమకన్ను మొదలుపెట్టారు. టిక్. మళ్ళీ టిక్. తర్వాత చప్పుడు లేదు. నొక్కు తల్లీ, నొక్కు అనుకున్నాడు. టిక్. మళ్ళీ ఏమీ లేదు.

పరీక్ష చేసే పిల్ల బయటికొస్తే చెయ్యి పట్టుకున్నాడు.

"మధ్యమధ్యలో ఆగిపోతోందేంటమ్మా?"

"అందరికీ కొన్ని చుక్కలు కనబడవు తాతగారూ. దాన్నిబట్టి చెప్పలేం."

ఆ మాట పట్టుకుని అరగంట బతికాడు. తర్వాత డాక్టరమ్మ కాగితం మీద ఎడమకంటి బొమ్మలో నల్లగా ఉన్నచోటు చూపించింది. నాలుగేళ్ళ ముందొస్తే ఇంత ఉండేది కాదేమోనంది. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ముందుకు పాకకుండా ఆపొచ్చని కూడా అంది. ఆయనకు మొదటి మాటే వినబడింది. స్కూటరు సంగతి, ఉద్యోగం సంగతి కూతురు అడుగుతోంది. ఎడమవైపు చూపు ఎంత మిగిలిందో మరోసారి కొలిచాకే బండి ఎక్కమంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక కూతురు మందు సీసా మూత తీసింది.

"తల పైకెత్తు నాన్నా. కన్ను మూయకు."

చుక్క చల్లగా పడింది.

"అమ్మా, ఆ తోపుడుబండి రోజు..."

"రెండో కన్ను" అంది తను.

ఆ రోజు మాట తను ఎత్తలేదు. రెండు కసుర్లు కసిరినా బాగుండేది. ఆయన చూపులో మిగిలింది ఓ పళ్ళెమంత మేర. అందులో కూతురి మోచేతి మీది మచ్చ ఉంది, దాని పక్కన కుట్ల గుర్తులతో సహా. ముఖం చూద్దామని తల తిప్పాడు. మచ్చ అంచు దాటి పోయింది. ముఖం వచ్చింది. తను తన ఎడమకంట్లో చుక్క వేసుకోవడానికి తలెత్తింది, మందు చెంప మీద పడింది.

"ఇలా తే, నేను వేస్తాను" అని చెయ్యి చాపాడు. మధ్యలో ఉన్న చెంబు కిందపడి దొర్లింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని చూడలేదు.