ఆగి విన్న ఊళ్లో ఒక ఏడాది

సూర్యాపేట అనే మాట నా నోట్లోంచి తేలిగ్గా వచ్చేది కాదు. అది మా ఊరి పేరు. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. అన్ని అక్షరాలూ ఒకేలా ఇబ్బంది పెట్టేవి కావు. 'స'తో మొదలయ్యే మాట వస్తే మాత్రం గొంతులో తలుపు పడినట్టు అయ్యేది. కళ్లు మూసుకుని, పిడికిలి బిగించి, 'సూ సూ' అంటూ అక్కడే నిలబడిపోయేవాడిని.

హైదరాబాదులో చదివే రోజుల్లో ఇంటికి రావాలంటే బస్సులో టికెట్టు అడగాలి కదా. ఒకసారి కండక్టరు, "ఏందయ్యా, నోట్ల బెల్లం పెట్టుకున్నవా, జల్ది చెప్పు" అన్నాడు. బస్సంతా నవ్వింది. అప్పటి నుంచి నేను "కోదాడ" అని అడగడం మొదలుపెట్టాను. 'క' నన్ను పెద్దగా సతాయించేది కాదు. అదే దారిలో కోదాడ సూర్యాపేట దాటాక వస్తుంది. కోదాడకు టికెట్టు కొని సూర్యాపేటలో దిగేవాడిని.

ఇంట్లో నాకు ఈ బాధ లేదు. మా అమ్మకు నా మాట సగంలోనే తెలిసిపోయేది. నేను నోరు తెరవగానే మిగతాది ఆమే అందించేది. నాయిన ధాన్యం దుకాణంలో కూర్చున్నప్పుడు కూడా అంతే. ఎవరైనా రైతు నన్ను ఏమైనా అడిగితే నాయిన జవాబు చెప్పేవాడు. మా ఇంట్లో నత్తి అనే మాట ఒక్కరోజు కూడా వినపడలేదు. నాకు బాధ కలుగుతుందని వాళ్ల భయం.

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను భూగోళశాస్త్రం ఎం.ఏ. చదువుతుండగా ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంతో మా విభాగానికి ఒప్పందం కుదిరింది. అక్కడి నుంచి ఒక విద్యార్థి ఇక్కడికి, ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి, ఏడాది పాటు. రాతపరీక్ష పెట్టారు కాబట్టి నాకు వచ్చింది. మాట్లాడే పరీక్ష పెట్టి ఉంటే వచ్చేది కాదు.

విషయం చెప్పగానే నాయిన సంబరపడ్డాడు. అమ్మ మాత్రం బియ్యం చెరుగుతూ, "గాడ వీనికి మాటలు అందించెటోళ్లు ఎవరుంటరు?" అంది. నా భయం కూడా అదే.

నేను దిగిన నగరం ఉత్తర ఇంగ్లండులో ఉంది. ఎటు చూసినా ఉన్ని మిల్లుల పొగగొట్టాలు, మసి పట్టిన రాతి ఇళ్లు. ఒక ముసలామె ఇంట్లో మేడమీద గది ఇచ్చారు. మర్నాడు ఇంటికి ఉత్తరం వేద్దామని పోస్టాఫీసుకు వెళ్లాను. స్టాంపు అడగాలి. అదీ 'స'తోనే. కిటికీ దగ్గర నిలబడి అలవాటుగా కళ్లు మూసుకున్నాను. మాట రాలేదు. నా వెనక పెద్ద వరుసే ఉంది. ఎవరో ఒకరు గొణుగుతారని చూశాను. ఎవరూ గొణగలేదు. కిటికీ లోపలి ఆవిడ చేతులు బల్లమీద పెట్టుకుని ఎదురుచూసింది. చివరికి మాట వచ్చాక, "కొత్త భాష కష్టమే, నాయనా. బాగా మాట్లాడుతున్నావు" అని స్టాంపు చింపి ఇచ్చింది.

బయటికి వచ్చి కాసేపు అర్థంకాక నిలబడ్డాను. ఆమె నాకు ఇంగ్లీషు రాదనుకుంది. తడబడితే తప్పు నాది కాదు, భాషది. వానలో నడుస్తూ ఒక్కడినే నవ్వుకున్నాను.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా అదే జరిగింది. దుకాణంలో, బస్సులో, చివరికి తరగతిలో కూడా నా కోసం ఆగేవాళ్లు. ఇంటి ముసలామె బంగాళాదుంపలు ఉడకబెట్టి పెట్టి, నేను ఒక వాక్యం పూర్తి చేసేదాకా గరిటె పట్టుకుని నిలబడేది. మాంసం తినను అనే ఒక్క సంగతి ఆమెకు చెప్పడానికి సాయంత్రమంతా పట్టింది, అయినా ఆమె విసుక్కోలేదు. అలా దాదాపు ఆరు నెలలు హాయిగా గడిచాయి. ఒకే ఒక్క జాగ్రత్త తీసుకున్నాను. తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని వెతకలేదు. తెలుగులో నాకు చెప్పుకోవడానికి సాకు లేదు మరి.

ఆ నగరంలో మన కూరగాయలు అమ్మే దుకాణం ఒకటి ఉండేది. ఒక శనివారం అక్కడ బెండకాయ కొస విరిచి చూసి, "ముదిరినయ్" అని నాలో నేనే అనుకున్నాను. నాతో నేను మాట్లాడుకునేటప్పుడు నత్తి రాదు. పక్కనే చీర మీద పొడుగాటి కోటు వేసుకున్న ఒకావిడ గిరుక్కున తిరిగింది.

"తెలుగువారా? ఇటు రండి, ఈ గంపలోవి లేతగా ఉన్నాయి" అంది. ఆమెది నందిగామ దగ్గర ఊరేనట. భర్త అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. "మీది ఏ ఊరు?"

అలవాటు ప్రకారం నోటికి వచ్చింది. "కోదాడ."

ఆమె మొహం వెలిగిపోయింది. "కోదాడా? మా అక్కనిచ్చింది కోదాడే. రేపు ఆదివారం మీరు మా ఇంటికి భోజనానికి రావాలి, అంతే."

కోదాడలో నేను ఎన్నడూ దిగలేదు. మర్నాడు ఎలాగో వెళ్లాను. డాక్టరు గారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆవిడ పప్పు, బెండకాయ వేపుడు, చారు చేసింది. అన్ని నెలల తర్వాత చారు వాసనకు నా కళ్లు చెమర్చాయి. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఆవిడ మొదలుపెట్టింది.

"మీ ఇల్లు ఎటువైపు? మా అక్క వాళ్లది బస్టాండు వెనకే. మా బావగారిని చూసే ఉంటారు, ఎరువుల కొట్టు."

ఇక అబద్ధం నడవదు. నిజం చెబుదామని నోరు తెరిచాను. "మాది... సూ... సూ..." కళ్లు మూసుకుపోయాయి. ఎడంచెయ్యి కుర్చీని పట్టుకుంది.

"పాపం, తెలుగు మర్చిపోయినట్టున్నాడండీ" అంది ఆవిడ భర్తతో, జాలిగా.

డాక్టరు గారు చెంచా కింద పెట్టారు. "మర్చిపోలేదు. అతనికి నత్తి. చిన్నప్పటి నుంచేనా, బాబూ?"

బడిలో పిల్లలు ఆ మాటతో నన్ను ఏడిపించారు గానీ, ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, జ్వరం ఎప్పటి నుంచి అని అడిగినట్టు అడగడం అదే మొదలు. తల ఊపాను.

"అయితే మెల్లగానే చెప్పు, తమ్ముడూ. మాకేం రైలుకు టైమైపోలేదు" అంది ఆవిడ, మీరు కాస్తా నువ్వులోకి దిగి. నేను చెప్పబోయే మాట ఏమిటో ఆమెకు తెలియదు కాబట్టి అందించే వీలు కూడా లేదు. ఇద్దరూ కూర్చున్నారు. చారు చల్లారింది. చివరికి ఊరి పేరు బయటికి వచ్చింది.

"సూర్యాపేటా? మరి నిన్న కోదాడన్నావే?"

బస్సు సంగతి చెప్పాను. చాలాసేపే పట్టింది. డాక్టరు గారు శ్రద్ధగా విని, "ముందే దిగిపోతున్నావేమని కండక్టరు అడగలేదా?" అన్నారు.

"అడిగిండు" అన్నాను. "అది కూడా చెప్పలేకపోయిన."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. డాక్టరు గారూ నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. ఆ సంగతి తలచుకుని నేను నవ్వడం అదే మొదటిసారి. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, ఇది పోతుందా అని అడిగాను. "పూర్తిగా పోతుందని చెప్పలేను" అన్నారు ఆయన. "కానీ నువ్వు దీన్ని దాచడానికే ఎక్కువ కష్టపడుతున్నావు. ఆ పని మానేసి చూడు."

ఆ వారం మా ఆచార్యుడి గదికి వెళ్లి, నాది ఇంగ్లీషు రాకపోవడం కాదు, నత్తి అని చెప్పేశాను. ఆయన పైపు నోట్లోంచి తీసి, "అలాగా, మేం భాష అనుకున్నాం. నీ ప్రసంగానికి గంట చాలకపోతే మిగతాది వచ్చే వారం చెప్పు" అన్నాడు. అంతే. నేను ఊహించుకున్నదేదీ జరగలేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ వైపు మెట్టభూములు ఎలా మారాయో రెండు వారాలపాటు చెప్పాను. చాలాచోట్ల ఆగిపోయాను. అయిపోయాక ఒక అమ్మాయి చెయ్యెత్తింది. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందుతాయా అని అడిగింది. ఆమె అడిగింది నీళ్ల గురించి, నా నోటి గురించి కాదు. దానికి జవాబు నాకు బాగా తెలుసు.

ఏడాది పూర్తయి ఇంటికి వచ్చినప్పుడు అన్నం వడ్డిస్తూ అమ్మ యథాప్రకారం నా మాట అందుకుంది. "అమ్మా, నేనే చెప్త. జర ఆగు" అన్నాను. ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. నొచ్చుకుందేమో అనుకున్నాను. గిన్నె పక్కకు పెట్టి, "ఎట్ల ఆగాలెనో నాకు తెల్వదు బిడ్డా, నోరు ఊకోదు" అంది. నేను మాట్లాడినంతసేపూ పెదవులు బిగబట్టుకుని కూర్చుంది. అలవాటు కావడానికి ఆమెకు చాలా నెలలు పట్టింది.

తర్వాత మిర్యాలగూడలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. మొదటి రోజు తరగతిలోకి వెళ్లి, నాకు నత్తి ఉందని, మాట ఆగితే కాసేపు ఓపిక పట్టాలని ముందే చెప్పాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను పాఠం మొదలుపెట్టాను. గంట కొట్టాక మాడుగులపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. ఏదో సానుభూతి మాట చెబుతుందనుకుని చాక్‌పీసు డబ్బా సర్దుకుంటున్నాను.

"సార్, కడమ సార్లందరు పాఠం ఉరికిస్తరు. మీరు చెప్తుంటే నోట్సు రాసుకునుడు సులువుగ ఉన్నది" అంది. "రేపు గూడ గిట్లనే చెప్పున్రి."

అలాగే చెబుతానన్నాను.