జ్వరం రాని జబ్బు

సుబ్బరత్నం భవానీపురంలో పన్నెండేళ్ళుగా ఆశా కార్యకర్త. తన వీధుల్లో ఎవరికి కాన్పయినా ఇంటికి వెళ్ళి బిడ్డ బరువు, ఒంటి వేడి, ఊపిరి చూసి రాసుకోవడం ఆమె పని. చల్లపల్లి దగ్గర రైతుల ఇంట పుట్టింది, పదో తరగతి దాకా చదివింది, పెళ్ళయి బెజవాడ వచ్చింది. మొహమాటస్తురాలు. ఎదుటివాళ్ళు గట్టిగా మాట్లాడితే సరే అనేసి వచ్చేసేది.

రెండేళ్ళ కిందట వెనక వీధిలో ఆరు రోజుల పిల్లాణ్ణి అలాగే చూసి వచ్చింది. ఒళ్ళు చల్లగా ఉంది, ఏడుపు లేదు. "బుద్ధిమంతుడు" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఈమె కూడా 'బాగున్నాడు' అని రాసుకుంది. మర్నాటికి పిల్లాడు లేడు. రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకిందట.

ఆ తర్వాత శిక్షణ తరగతిలో పిల్లల డాక్టరమ్మ చెప్పింది. "మన ఒంట్లో క్రిములు చేరితే ఒళ్ళు తిరగబడుతుంది. అందుకే జ్వరం. ఇప్పుడే పుట్టినవాళ్ళకి ఆ తిరగబడటం ఇంకా చేతకాదు. జ్వరం రావడానికి కూడా సత్తువ ఉండాలమ్మా." ఆ పూట ఇంటికెళ్ళి సుబ్బరత్నం తన పుస్తకంలో ఆ పిల్లాడి పేరు పక్కనున్న 'బాగున్నాడు'ని కొట్టేసింది.

మొన్న జూలైలో, కాన్పుకు పుట్టింటికి వచ్చిన కీర్తనకు ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజు పొద్దున సుబ్బరత్నం వెళ్ళేసరికి పిల్ల నిద్రపోతోంది. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. థర్మామీటరు తొంభై ఆరు కూడా చూపించలేదు. గడియారం ముందు పెట్టుకుని ఊపిరి లెక్కపెడితే నిమిషానికి అరవై ఎనిమిది. అరవై దాటకూడదని శిక్షణలో చెప్పారు.

"పాలు ఎప్పుడు తాగిందమ్మా?"

"రాత్రి కాస్త తాగిందాంటీ. పొద్దుట్నించీ లేపినా నోరు తెరవట్లేదు."

"వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి."

కీర్తన తల్లి సంపూర్ణమ్మ వంటింట్లోంచి వచ్చింది. "జ్వరం ఉందా?"

"లేదండీ. అదే నా భయం."

"జ్వరం లేదని భయమేంటి, విడ్డూరం కాకపోతే! ఎల్లుండి పురుడు. అల్లుడుగారి వాళ్ళంతా వస్తున్నారు. ఈ మైలలో పచ్చి బాలింతను ఎక్కడికి పంపమంటావు?"

కీర్తన భర్త పవన్‌కుమార్ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆ మోతలో ఏం వినపడుతుంది? చివరికి వీధి చివర క్లినిక్‌లో చూపిద్దామని సంపూర్ణమ్మ ఒప్పుకుంది. తనే పిల్లను ఎత్తుకుని సుబ్బరత్నంతో పాటు వెళ్ళింది. అక్కడి డాక్టరు నుదుటి మీద చెయ్యి పెట్టి, ఛాతీ విని, "జ్వరం లేదు. గ్యాస్ అయ్యుంటుంది, చుక్కలు వేయండి" అన్నాడు.

"ఊపిరి అరవై ఎనిమిదండీ" అంది సుబ్బరత్నం.

"డాక్టరు నువ్వా, నేనా అమ్మా?"

ఇంటికొచ్చాక సంపూర్ణమ్మ గెలిచినట్టు చూసింది. సుబ్బరత్నానికి ఒళ్ళు మండిపోయింది. డాక్టరు మాట ముందు తన మాటకు బరువెక్కడిది? ఇక ఆవిడతో వాదించడం మానేసి కీర్తన పక్కన కూర్చుంది.

"నీ రొమ్ములు గట్టిపడ్డాయా?"

కీర్తన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "రాళ్ళయిపోయాయి ఆంటీ. జాకెట్టంతా తడిసిపోతోంది."

"బాగున్న పిల్లయితే అలా వదిలేస్తుందా?"

కీర్తన ఒక్క క్షణం పిల్ల వంక చూసింది. లేచి పిల్లను జాకెట్టులోకి, ఒంటికి ఆనించుకుని పైట కప్పుకుంది. "అమ్మా, నేను వెళ్తున్నా. వస్తే రా" అంటూ గడప దాటేసింది.

ముగ్గురూ ఎక్కిన ఆటో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పావుగంట ఇరుక్కుంది. సుబ్బరత్నం దిగి, ముందున్న సరుకుల బండివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. జన్మలో అలా ఎవరినీ తిట్టి ఎరగదు.

సాయంత్రానికి పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష ఫలితం వచ్చింది. తెల్లకణాలు బాగా తక్కువ.

"తక్కువేగా, మంచిదేగా?" అంది సంపూర్ణమ్మ.

"కాదండీ," అంది వార్డులోని డాక్టరు వినీల. "పెద్దవాళ్ళకయితే ఇన్‌ఫెక్షన్‌కి పెరుగుతాయి. పాప ఉన్నవన్నీ ఖర్చు పెట్టేసింది. అంత తొందరగా కొత్తవి తయారుచేసుకోలేదు. ఇంకో పూట ఆగితే మా చేతుల్లో ఉండేది కాదు."

పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు పడ్డాయి. ఆరో రోజున పిల్ల గట్టిగా ఏడిచింది. అద్దం బయట నిలబడ్డ పవన్‌కుమార్ కూడా ఏడ్చాడు.

ఇంటికి తెచ్చాక సంపూర్ణమ్మ వచ్చినవాళ్ళందరికీ, "దిష్టి కొట్టిందండీ, తీయించాక తేరుకుంది" అని చెబుతోంది. సుబ్బరత్నం ఆ మాట పట్టించుకోలేదు. కానీ క్లినిక్ మెట్లు ఎక్కకుండా ఉండలేకపోయింది. జరిగిందంతా చెప్పింది.

"నేను చూసినప్పుడు జ్వరం లేదుగా. నేను అబద్ధం చెప్పానా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ. కానీ ఆ పద్నాలుగు రోజుల్లో పాపకు జ్వరం ఒక్కరోజు కూడా రాలేదండీ."

ఆయన బల్ల మీది గంట నొక్కి తర్వాతి పేషెంటును పిలిచాడు.