చోడవరం దగ్గర అమెరికా

మా అప్పలనాయుడు మావయ్య కౌబాయ్ సినిమాలో బందిపోటు వేషం వేస్తున్నాడని తెలిసిన మర్నాడే చోడవరం బయల్దేరాను. కళాభిమానంతో కాదు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆరు నెలల క్రితం గుండెకి స్టెంట్ వేశారు. సినిమాలో గుర్రం మీంచి పడి చావాలట. "నా మాట ఇంటంలేదే అమ్మా, నువ్వెళ్లి లాక్కొచ్చీ," అని అత్త ఫోన్లో ఏడ్చింది.

విశాఖ కాంప్లెక్సులో ఆరుంపావు బస్సెక్కాను. పక్కసీట్లో కూర్చున్న గోవాడ ఊరావిడ నా సంగతి విని, "ఆ సినిమావోల్లా? సెరుకు తోటలకాడ తుపాకులట్టుకుని తిరుగుతన్నారు. పోలీసులనుకుని పేకాటోళ్లు పారిపోనారు," అంది.

ఎనిమిదికి చోడవరంలో దిగి, ఇడ్లీ తిని, దేవరాపల్లి రోడ్డులోని పాత క్వారీకి ఆటో మాట్లాడుకున్నాను. అక్కడ అట్టముక్కలతో కట్టిన అమెరికా ఉంది. ఒక అట్ట మీద, సారాకొట్టు అనే అర్థంలో, 'సెలూన్' అని రాశారు. గడ్డం గీయించుకుందామని ఒక రైతు అప్పటికే లోపలికి వెళ్లొచ్చాడట.

దర్శకుడు నిన్నటిదాకా పెళ్లి వీడియోలు తీసినవాడు. "ఇటలీవోళ్లు కౌబాయ్ సినిమాలు స్పెయిన్‌లో తీసి అమెరికా అన్నారు. మనం ఇక్కడ తీస్తే తప్పేటండీ?" అన్నాడు. తప్పేమీ లేదు, వెనకాల చెరుకు బండి వెళ్లకపోతే.

"మావయ్యా, పద ఇంటికి," అన్నాను.

"సచ్చీసి వస్తాను, ఉండే గుంటా," అన్నాడాయన, మీసం అంటించుకుంటూ.

గుర్రం పెళ్లి ఊరేగింపులది. తుపాకీ బదులు టపాకాయ పేలగానే, పెళ్లికొడుకు ఎక్కాడనుకుని నాట్యం మొదలెట్టింది. భయంకరమైన బందిపోటు దానిమీద రెండుసార్లు ఊగి దిగాడు. మూడోసారి నిజంగానే గడ్డిమోపుల మీద పడ్డాడు. పడినవాడు కదల్లేదు. ఒకటి, రెండు, మూడు... హ్యాండ్‌బ్యాగ్ విసిరేసి, ఏడుస్తూ పరిగెత్తి, ఆయన గుండెమీద చెయ్యేశాను. కొట్టుకుంటోంది.

"కట్ సెప్పలేదే, పక్కకెళ్లు," అన్నాడు శవం, కళ్లు తెరవకుండా.

దర్శకుడు మాత్రం ఉప్పొంగిపోయాడు. "ఆ ఏడుపు ఉంచీద్దాం మేడమ్. మీరు బందిపోటు కూతురు!" అమెరికాలో బందిపోట్ల కూతుళ్లు చుడీదార్లు వేస్తారా అని అడిగే ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నం అందరితోపాటు పులిహోర తిని, నాలుగు గంటల విశాఖ బస్సులో ఇద్దరం కూర్చున్నాం. మావయ్య చొక్కానిండా ఎర్రరంగు. ముందుసీటు ముసలమ్మ వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, దెబ్బ తగిలిందేటి?" అంది.

"లేదమ్మా, సచ్చిపోనాను," అన్నాడు మావయ్య తృప్తిగా.

ఆవిడ మరి వెనక్కి తిరగలేదు.

యాత్రగా చెప్పుకోడానికి ఎండ, దుమ్ము, అట్టముక్కల ఊరు తప్ప ఏమీ లేదు. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక 'పర్లేదు' అన్న ఒక్క ముక్క తప్ప మాట్లాడని మనిషి, తన చావును వర్ణిస్తూనే ఉన్నాడు. ఎలా ఒరిగాడో సీట్లోనే చూపించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కాసేపటికి నేనే వదిలేశాను.